ఫోర్కుకి పెళ్ళీడు రాలేదు

ముంతగెడ్డ పురపాలక కమిషనరు గారు మూడు రోజుల శిక్షణ అని ఏదో చల్లటి ఊరు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మాత్రం ‘పొంతన’ అనే మాటను వెంటబెట్టుకుని వచ్చారు. ఇహ చూస్కోండి! కుళాయి కారితే పొంతన లేక. వీధిదీపం ఆరితే పొంతన లేక. కౌన్సిల్ సమావేశంలో ఒక కుర్చీ గాల్లోకి లేస్తే, కుర్చీకీ సభ్యుడికీ పొంతన కుదరకే లేచిందని తేల్చారు. వారం తిరక్కుండా పొంతన మహోద్యమం మొదలైంది. పొంతన విభాగం వెలిసింది. దానికో పొంతనాధికారి వచ్చి కూర్చున్నాడు.

‘పరస్పరము జోడింపబడు ఏ రెండింటికైనను పొంతన ధ్రువపత్రము విధిగా ఉండవలెను. కంపెనీలయందు జోడింపబడి వచ్చిన వాటికి మినహాయింపు గలదు.’ ఇదీ నిబంధన. కుండలమ్ముకునేవాళ్ళు కుండకీ మూకుడికీ కాగితం తెచ్చుకోవాలి. గొడుగులు బాగుచేసేవాడు గుడ్డకీ కర్రకీ తెచ్చుకోవాలి. తాళంచెవి పోగొట్టుకున్నవాడు మారుచెవి చేయించుకుంటే, కాగితం చేతికొచ్చేదాకా అరుగుమీదే కాపురం.

ఊళ్ళో గోడలన్నిటి మీదా ‘పొంతన లేనిదే ప్రగతి లేదు’ అని ఎర్రరంగుతో రాసింది మన అసిరినాయుడే. బోర్డులు రాయడం అతని వృత్తి. ఆరడుగుల ఏడంగుళాల మనిషి కాబట్టి నిచ్చెన ఖర్మ లేదు. అంత పొడుగు మనిషికి కంపెనీ సైకిలు ఏదీ సరిపడదు. తొక్కబోతే మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుంటాయి, చూసేవాళ్ళకి మిడత గుర్తొస్తుంది. అందుకని ఇరవైరెండేళ్ళ కిందట సైకిల్‌షాపు గవరయ్య రెండు పాత సైకిళ్ళు కోసి, వాటికి అసిరినాయుడి మేనమామ ఇచ్చిన ఇనపమంచం గొట్టాలు అతికి, అతని కొలతకి ఒక సైకిలు చేసిపెట్టాడు. అలాంటిది జిల్లాలో ఇంకోటి లేదు.

ఆ సైకిలును చూసే హైమావతి అసిరినాయుడిని ఒప్పుకుంది. ఆవిడ బస్సు కండక్టరు. ఆరడుగులకి అంగుళం తక్కువ. నోరు మాత్రం ఇంకో అడుగు ఎక్కువ. పెళ్ళిచూపుల్లో అందరి ముందూ తేల్చి చెప్పేసింది.

“ఇదిగో చూడండి. పదేళ్ళనుంచి ఊరందర్నీ కూర్చోబెట్టి నేను నిలబడుతున్నాను. కాళ్ళు నావి కావు. నాకు నగలొద్దు, నట్రా వద్దు. పెళ్ళయ్యాక నేను మొదటిరోజు డ్యూటీ దిగేసరికి మీరు ఆ పొడుగు సైకిలేసుకుని డిపో గేటు కాడ ఉండాలి. నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాలి. అంతే. రాలేదో, మా అమ్మోళ్ళ ఊరి బస్సెక్కేస్తాను. నిలబడైనా సరే పోతాను.”

“మోటారు సైకిలైతేనో…” అని ఎవరో నసిగారు.

“ఆ మోతలో మాటలినబడవు. నాకు మాట్లాడాల.”

అసిరినాయుడికి నలభయ్యో ఏడు నడుస్తోంది. ఇన్నాళ్ళూ వచ్చిన సంబంధాలన్నీ అతని మొహం చూడ్డానికి తలెత్తి, మెడ నొప్పెట్టి వెళ్ళిపోయినవే. ఇన్నాళ్ళకి ఒకావిడ మెడ ఎత్తకుండా అతనితో మాట్లాడింది. సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయాడు. ఆ సాయంత్రమే క్యారియరు మీద మెత్తటి సీటు, వీపు ఆనుకోడానికి పలక బిగించాడు. పెళ్ళికి మూడు నెలలుంది.

మర్నాడు మార్కెట్ వీధి మలుపులో ముందుచక్రం కాలువ మూతకి కొట్టుకుంది. ఆ చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే ఫోర్కు ఠప్పున విరిగింది. ఆ మూత పొంతన మహోద్యమపు తొలి విజయం. కాలువకీ మూతకీ అతికినట్టు సరిపోయింది, ధ్రువపత్రం కూడా ఉంది. రోడ్డు కంటే జానెడు ఎత్తున ఉందంటారా, రోడ్డుకీ మూతకీ పొంతన చూడమని ఎవరూ దరఖాస్తు పెట్టలేదు మరి.

గవరయ్య విరిగిన ఫోర్కుని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. “అతుకెడితే నాల్రోజులుంటాది. ఐదోరోజు పెళ్ళాంతో సహా బోర్లా పడతావు. ఏరేది ఎయ్యాల్సిందే.”

“ఏసెయ్ మామా, పోలే.”

“పోలే అంటే అయిపోద్దేటి? ఇది కంపెనీ సైకిలేటి, కొట్టుకెళ్ళి ఓ ఫోర్కు పట్టుకొచ్చీడానికి? దీని మెడ సూడు, జానెడున్నర. ఆ మెడలోకి దూరే గొట్టం అంత పొడుగుండాలి. లావు సరిపోవాలి. మర కలవాలి. సెక్రం రెండు కాళ్ళ మజ్జిన తిరగాలి. ఇన్ని కుదరాలంటే మాటలా?”

మాటలు కాదని వారం రోజుల్లో తేలింది. ఒక ఫోర్కు పొడుగు సరిపోయింది గానీ గొట్టం లావైంది. ఒకదానికి లావు కుదిరింది, మర కలవలేదు. ఇంకొకటి మెడలోకి హాయిగా దిగింది, తీరా చూస్తే చక్రం ఇరుక్కుని కదలనంది. చివరికి లేతుమిషను వాడి కాళ్ళు పట్టుకుని కొలతలిచ్చి కొత్తది చేయించారు. తళతళా మెరుస్తూ వచ్చింది. గవరయ్య దాన్ని సైకిలు మెడలోకి తోశాడు. వెన్నలోకి దిగినట్టు దిగింది. అసిరినాయుడు ఈలవేశాడు. గవరయ్య మాత్రం దాన్ని మళ్ళీ బయటికి లాగేశాడు.

“కాయితం తేరా అబ్బాయ్.”

“ఏటి కాయితం?”

“ఊరంతా గోడల మీద రాసినోడివి నువ్వే, నన్నడుగుతావేటి? కాయితం నేకుండా బిగిస్తే నా కొట్టుకి సీలేస్తారు.”

పొంతనాధికారి నిష్ఠల పురుషోత్తం గారు మంచివాడే. చెయ్యి చాపడు, కసురుకోడు, వచ్చినవాణ్ణి కూర్చోమంటాడు. రూలు మాత్రం ప్రాణం పోయినా వదలడు. అసిరినాయుడు చెప్పిందంతా ఓపిగ్గా విని, సొరుగులోంచి ఒక ఫారం తీసి బల్లమీద పెట్టాడు. పైన ‘వివాహ నమోదు’ అని ఉంది.

“నా పెళ్ళికింకా టైముంది బాబూ. ఇది సైకిలు పని.”

“తెలుసును. పొంతన ఫారముల ముద్రణకై టెండరు పిలవబడినది. అవి వచ్చునంతవరకు, రెండింటిని జోడించు ఫారము ఈ కార్యాలయమున ఏది గలదో దానినే యథాతథముగా వాడవలెనని ఉత్తర్వు. భవనమంతా గాలించాం నాయనా. రెండింటిని కలిపేది ఇదొక్కటే దొరికింది.”

“అయితే వరుడని ఉన్నకాడ కొట్టేసి సైకిలని రాసేద్దాం.”

“కొట్టివేయు అధికారము నాకు లేదు. యథాతథముగా అని స్పష్టముగా ఉన్నది.” పురుషోత్తం కలం మూత తీశాడు. “సైకిలు వరుడా, వధువా?”

అసిరినాయుడు బుర్ర గోక్కున్నాడు.

“పోనీ, ఎవరు ఎవరి ఇంటికి వస్తున్నారు?”

“ఫోర్కే కదా సైకిలు దగ్గరికొస్తాది.”

“మరింకేం, ఫోర్కు వధువు. వరుని వయస్సు?”

“ఇరవైరెండేళ్ళు.”

“శుభం. ఇరవైయొకటి దాటింది. వధువు వయస్సు?”

“పదకొండు రోజులు బాబూ.”

కలం ఆగిపోయింది. పురుషోత్తం అటూ ఇటూ చూశాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. “ఏమయ్యా, నలుగురికీ బోర్డులు రాసిపెట్టేవాడివి, ఆమాత్రం ఇంగితం ఉండక్కర్లా? పదకొండు రోజుల పసిగుడ్డుకి పెళ్ళా? ఈ సంగతి బయట పొక్కితే నీతోపాటు నన్నూ జైల్లో పెడతారు!”

“అది ఇనుము బాబూ!”

“ఇనుమునకు సడలింపు ఇచ్చునట్టి గడి ఫారములో లేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిమ్మట తీసుకురా.”

“అప్పటికి నాకు యాభైయెనిమిది వస్తాయి!”

“నీ వయస్సు ఫారములో అడగలేదు,” అన్నాడు పురుషోత్తం, ఎంతో మర్యాదగా. “అంతవరకు వధువును పుట్టింట ఉంచుము.”

పుట్టిల్లంటే లేతుమిషను. ఆ మిషనువాడు ఫోర్కుని వెనక్కి తీసుకుని, పద్దెనిమిదేళ్ళపాటు తుప్పు పట్టకుండా చూసే బాధ్యత తనది కాదని రాయించుకుని మరీ లోపల పెట్టుకున్నాడు.

అప్పట్నుంచి అసిరినాయుడూ గవరయ్యా పెళ్ళీడొచ్చిన ఫోర్కు కోసం తుక్కుకొట్లన్నీ తిరిగారు. మంచి ఫోర్కులున్నాయి, వయసు రుజువు లేదు. వయసు రుజువున్న ఫోర్కులున్నాయి, నడ్డి వంగిపోయింది. ఐదో ఊళ్ళో, తుక్కుగుట్ట అడుగున, పూర్వం ఎప్పుడో దివాలా తీసిన సర్కస్ వాళ్ళ పొడుగు సైకిలు ఫోర్కు దొరికింది. ఏనుగు బొమ్మ మార్కు, దానికింద తయారైన సంవత్సరం చెక్కి ఉన్నాయి. లెక్కేస్తే ముప్పైయొక్క ఏళ్ళు. గవరయ్య అక్కడే మట్టిలో కూర్చుని కొలిచాడు. పొడుగు కుదిరింది, లావు కుదిరింది, మర కుదిరింది. చక్రం సంగతి చూసేసరికి ముసలాయనకి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఈ వార్త అసిరినాయుడి కంటే ముందే బస్సెక్కింది. బస్టాండులో హైమావతి టిక్కెట్లు కోస్తూనే కేకేసింది. “ఏమండోయ్! మీ సైకిలుకి సంబంధాలు చూస్తున్నారంట కదా?”

“కుదిరేలాగే ఉంది. సర్కసు పిల్ల. ముప్పైయొకటి.”

“పిల్లే పెద్దదన్నమాట. పోనీలెండి, ఓర్పుంటాది.” బస్సు కదులుతుంటే కిటికీలోంచి వేలు చూపించింది. “నా మాట మాత్రం మాటే. రెండు నెల్లే ఉంది!”

బస్సులో జనమంతా అసిరినాయుణ్ణి జాలిగా చూశారు.

పురుషోత్తం ఫారం మళ్ళీ తెరిచాడు. వయసు గడి గట్టెక్కింది. మూడో గడి దగ్గర పని మళ్ళీ చతికిలబడింది.

“వరునికి ఇది ప్రథమ వివాహమేనా?”

“పాత ఫోర్కు ఒకటుండేది బాబూ. అదే, విరిగిపోయినది.”

“అనగా మొదటి భార్య గతించినది. మరణ ధ్రువపత్రమేదీ?”

మరణ ధ్రువపత్రాలు పై అంతస్తులో ఇస్తారు. విరిగిన ఫోర్కుని తువ్వాల్లో చుట్టి, రెండు చేతులమీదా మోసుకుంటూ అసిరినాయుడు మెట్లెక్కాడు. దారిలో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. ఒకావిడ ముక్కు చీదింది. అక్కడి గుమాస్తా తువ్వాలు తొలగించి చూసి, మళ్ళీ కప్పేసి, “ఎక్కడ పోయింది?” అన్నాడు నెమ్మదిగా.

“మార్కెట్ వీధి కాలువ మూత మీద.”

“అది పురపాలక ఆస్తి కదా? పురపాలక ఆస్తి మీద ప్రమాదాలు జరగవయ్యా. సహజ మరణం అని రాస్తున్నాను.”

ఆ కాగితం అందాక ముప్పై రోజుల నోటీసు అంటించారు. ‘అసిరినాయుడు గారి సైకిలుకును, తుక్కుకొట్టు వాస్తవ్యురాలగు ఫోర్కుకును’ జరగబోయే జోడింపుపై ఎవరికైనా అభ్యంతరముంటే తెలపమని. మొదటి వారం జనం గుంపులుగా వచ్చి చదివి, నవ్వుకుని పోయారు. రెండో వారం ఎవరూ నవ్వలేదు, ఎవరి నోటీసులు వాళ్ళకి పడ్డాయి. రోలూ పొత్రం, తలుపూ గడియా, చీపురూ కర్రా, అందరివీ బోర్డు మీదే ఉన్నాయి. ఇరవైతొమ్మిదో రోజు దాకా అసిరినాయుడి నోటీసుకి ఏ అభ్యంతరమూ రాలేదు. ముప్పయ్యో రోజు వచ్చింది. పెట్టింది పురుషోత్తమే.

“నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు నాయనా. పదవి పెట్టించింది. వధువుపై ఏనుగు బొమ్మ ఉన్నది. నీ సైకిలు కింది గొట్టముపై సైతం ఏనుగు బొమ్మ ఉన్నది. ఇద్దరిదీ ఒకే కంపెనీ. అంటే సగోత్రం. అక్కాతమ్ముళ్ళ వరస! ఎలా కలుపుతాం చెప్పు?”

అసిరినాయుడు బెంచీ మీద కూలబడ్డాడు. పెళ్ళికి పన్నెండు రోజులుంది. డిపో గేటు, కదిలిపోతున్న బస్సు, అందులో రాడ్డు పట్టుకుని నిలబడ్డ హైమావతి, అన్నీ కళ్ళముందు తిరిగాయి. “నా బతుకింతే మామా,” అన్నాడు గవరయ్య వైపు తిరిగి.

అంతసేపూ తలుపు దగ్గర నిలబడి బీడీ చెవిలో పెట్టుకుని వింటున్న గవరయ్యకి ఒళ్ళు మండింది. “ఏ వొరస బావూ మీరు సూసింది? కింది గొట్టం వొరస ఎవుడిక్కావాలి? ఈ ఫోర్కు దూరేది మెడలోకి. ఆ మెడ సైకిలుది కాదు, ఇనపమంచానిది. ఆ మంచం ఎవులిది? వీళ్ళ మేనమామది! మేనమామ ఇంటి సరుక్కీ ఈ పిల్లకీ ఏ గోత్రం కలిసింది సెప్పండి?”

పురుషోత్తం మొహం వెలిగిపోయింది. “మేనమామా! ఆ మాట ముందే చెప్పకూడదటయ్యా! మేనమామ వైపునుంచి అయితే మేనరికపు చాయ. దివ్యంగా ఉంది.” అని తన అభ్యంతరాన్ని తానే విచారించి, తన వాదనను తానే విని, తానే కొట్టేశాడు. తన కాగితం కొట్టేసే అధికారం మాత్రం అతనికుంది.

అయినా సంతకాలూ, ముగ్గురు సాక్షులూ, వధూవరుల జంట ఫొటో అంటూ ఇంకొన్నాళ్ళు సాగింది. ఫొటోకి దండలు తప్పనిసరి అన్నారు. ఈలోగా అసలు పెళ్ళి కూడా అయిపోయింది. మూడోరోజు హైమావతి డ్యూటీకెక్కింది. ఆ మధ్యాహ్నం రెండింటికి ధ్రువపత్రం చేతికొచ్చింది. రెండున్నరకి గవరయ్య ఫోర్కు బిగించాడు. నాలుగింటికి అసిరినాయుడు చెమటలు కక్కుకుంటూ డిపో గేటు దగ్గర ఉన్నాడు.

హైమావతి బస్సు దిగి అతన్ని చూసింది. ఫోర్కు చూసింది. టిక్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుని, వీపు వెనక్కి వాల్చి, “అమ్మయ్య!” అంది. పది సంవత్సరాల “అమ్మయ్య” అది. అసిరినాయుడు తొక్కుతున్నాడు, హైమావతి ఆపకుండా మాట్లాడుతోంది. చిల్లర లేనివాళ్ళ గురించీ, డ్రైవరు గురకల గురించీ. పురపాలక కార్యాలయం ముందుకి రాగానే పొంతన తనిఖీ దళం ఈలేసింది.

“ఫోర్కుకి కాయితం ఉంది బాబూ,” అని అసిరినాయుడు జేబులోంచి తీశాడు.

“ఫోర్కుది సరేనయ్యా. పరస్పరం జోడింపబడిన మీ ఇద్దరిదేదీ?”

మళ్ళీ పురుషోత్తం బల్ల ముందుకి వచ్చిపడ్డారు. హైమావతి నిలబడే ఉంది. కూర్చోమంటే, “కూర్చున్నదాన్ని మీరే లేపారు,” అంది.

“మొన్ననే కదా బాబూ మా పెళ్ళి,” అన్నాడు అసిరినాయుడు. “మీరు భోజనానికి కూడా వచ్చారు.”

“వచ్చాను. వంకాయకూర ఇప్పటికీ నోట్లో ఉంది. అయితే దానికి కాగితం లేదు.” పురుషోత్తం సొరుగు లాగి చూసి నిట్టూర్చాడు. “వివాహ ఫారములు నిన్నటితో నిండుకున్నవి. మూకుళ్ళూ గొడుగులూ కలిసి వాడేశాయి. అదృష్టవశాత్తు ఈ ఉదయమే పొంతన ఫారములు వచ్చినవి. ఉత్తర్వు తెలుసు కదా. ఏది ఉంటే అది, యథాతథముగా.” కలం మూత తీశాడు. “మీలో ప్రధాన యంత్రము ఎవరు, విడిభాగము ఎవరు?”

“ఏటీ? నేను విడిభాగమా?” హైమావతి సంచీ భుజానికెత్తుకుంది.

“నన్ను రాసేయండి బాబూ విడిభాగమని,” అన్నాడు అసిరినాయుడు గబగబా. “నాకేం ఫర్లేదు.”

“విడిభాగము పొడవు?”

“ఆరడుగుల ఏడంగుళాలు.”

“తుప్పు కలదా?”

“మెడమీదది తుప్పు కాదు, ఎర్రరంగు. గీకినా పోదు,” అంది హైమావతి.

“బ్రేకులు పనిచేయుచున్నవా?”

“నేను అరిస్తే ఆగుతారు.”

“ప్రధాన యంత్రమునకు గంట మోగునా?”

“మోగుతాది బాబూ,” అన్నాడు అసిరినాయుడు, పక్కకి చూడకుండా.

పురుషోత్తం ఒక్కొక్కటీ గుండ్రటి అక్షరాలతో నింపుకుంటూ ఆఖరి గడికొచ్చాడు. “ప్రస్తుత విడిభాగమును ఎన్నేళ్ళకు మార్చవలసి ఉండును? ఇది ప్రధాన యంత్రమే చెప్పాలమ్మా. సాధారణంగా రెండేళ్ళు రాస్తున్నాం.”

“మార్చను,” అంది హైమావతి.

“ఏదో ఒక అంకె వేయాలి కదమ్మా. అరిగిపోతుంది ఎప్పటికైనా.”

“అరగనీండి. నేను మాత్రం కొత్తగా ఉండిపోతానేటి? ఇద్దరం ఒక్కలాగే అరుగుతాం. అప్పుడు ఇంకా బాగా సరిపోతాం.”

పురుషోత్తం కలం పట్టుకుని ఆ గడి వంక చూశాడు. అందులో రెండంకెలకే చోటుంది. “ఆ మాట రాసుకోడానికి దీంట్లో చోటు లేదమ్మా,” అన్నాడు, నిజంగానే బాధపడుతూ. గడి ఖాళీగా వదిలేసి ముద్ర గుద్దేశాడు. ఉద్యోగంలో చేరాక అతను ఖాళీగా వదిలిన మొదటి గడి అది.

అసిరినాయుడు మొహం పక్కకి తిప్పుకుని ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. అంత ఎత్తున ఉన్న కళ్ళలో నీళ్ళు తిరిగితే గదిలో ఎవరికి కనబడతాయి? హైమావతికి మాత్రం కనబడ్డాయి. చీరకొంగుతో తుడిచేసి, “పదండి,” అంది. “కాళ్ళు పీకుతున్నాయి, నేను కూర్చోవాల.”